పోయొస్త అన్నమంటే పోయి రావాలె

నేను రాసేటోణ్ణి కాదు. కామాఠీపురలో మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివిన. ఆ తర్వాత మిల్లులో సాంచా ఖాతాలో బద్లీగా చేరిన. తెగిన పోగు ముడేసుడే నా చదువైంది. పోయిన నెల పత్రికవాళ్ళు కలిసి, "కాకా, నువ్వు ముసలోళ్ళ ఆశ్రమానికి నెలనెలా పోతున్నవంట. ఎట్ల మొదలుపెట్టినవ్? కొత్తోళ్ళు, పిల్లలు గలోళ్ళు పోవాల్నంటే ఏం చెయ్యాలె? రాసియ్యి" అన్నరు. నాకు తెలిసినకాడికి రాస్తున్న. తప్పులుంటే వాళ్ళే దిద్దుతరు.

మా చాల్లో మూడో మాలా మీద ఒక వదినె ఉండేది. పేరు రాయను, ఆమె కొడుకు ఇదే ఊర్లో ఉన్నడు. ఆమె పెనిమిటిని నేను అన్నా అని పిలిచేటోణ్ణి. కరీంనగర్ దిక్కు మనిషి. నన్ను మిల్లుకు తోల్కపోయి బద్లీ పాసు ఇప్పించింది ఆ అన్ననే. అప్పుడు నాకు పెండ్లి కాలె. ఒక్క ఖోలీలో పన్నెండు మందిమి ఉండేటోళ్ళం. ఒక పాళీవాళ్ళు పనికి పోతే ఇంకో పాళీవాళ్ళు వచ్చి అదే చాపల మీద పండేది. నాకు మొదటి పాళీ ఉన్ననాడు వదినె తెల్లారగట్ల నాలుగింటికి లేచేది. స్టవ్వు ముట్టించి, అన్నతోపాటు నాకు కూడా రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు సద్ది కట్టేది. భోంగా మోగక ముందే సద్దిగిన్నె గడప మీద పెట్టి ఉండేది. "తమ్మీ, సద్ది మర్చిపోకు" అని లోపలికెళ్ళి ఒక్క కేక వేసేది. పైసలు ఇయ్యబోతే తీసుకోలే.

1982 జనవరి 18 నాడు సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులం బయట కూసున్నం. ఊర్లో భూమి ఉన్నోళ్ళు ఊరికి పోయిండ్రు. లేనోళ్ళం ఇక్కడనే ఉన్నం. ఆ దినాల్లో వదినె బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. నేను వాళ్ళింట్లో ఎన్ని పూటలు తిన్ననో లెక్క లేదు. ఆమె కూడా లెక్క పెట్టలే.

తర్వాత అందరి కథ లాగనే అయింది. అన్న పోయిండు. మా బిల్డింగు కూలేటట్టున్నదని నోటీసు వచ్చింది. ఎవరి దారి వాళ్ళు చూసుకున్నరు. వదినె కొడుకు వెంట కళ్యాణ్ అవతలికి పోయింది. నేను మిల్లు మూతపడినంక ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌గా చేస్తుంటి. ఏండ్లు గడిచినయ్. ఒక పెండ్లిలో ఎవరో చెప్పిండ్రు: వదినెకు మతిమరుపు వచ్చింది, తెల్లారగట్ల తలుపు తీసుకొని బయటికి పోతున్నది, కొడుకూ కోడలూ ఇద్దరూ కొలువుకు పోయేటోళ్ళు, చూసే దిక్కు లేక ఆశ్రమంలో పెట్టిండ్రు, మూడేండ్లాయె.

మూడేండ్లు! నాకు అన్నం మింగుడు పడలే.

సద్ది అంటే సర్దీ అనుకున్నరు

ఆశ్రమం ఠాణే జిల్లాలో, లోకల్ దిగినంక షేర్ రిక్షాలో పోవాలె. దాని పేరు కూడా రాయను. మంచి జాగనే. చీపురు పట్టిన బండలు, ఉతికిన దుప్పట్లు, టైముకు గోలీలు. అక్కడ చాకిరీ చేసే మౌశీలు మరాఠీవాళ్ళు. నేను పేరు చెప్పంగనే ఒక మౌశీ నవ్వింది. "ఈ ఆజీ మీ మనిషా? బాగా సతాయిస్తది కాకా. రోజూ తెల్లారక ముందే లేచి 'సర్దీ, సర్దీ' అని మొత్తుకుంటది. చలి పెడుతున్నదని దుప్పటి కప్పితే విసిరి కొడతది. జలుబు మందు పోస్తే ఉమ్మేస్తది" అన్నది.

నాకేమీ అర్థం కాలె. వదినె మంచం మీద గోడ దిక్కు తిరిగి కూసున్నది. వెంట్రుకలు పొట్టిగ కత్తిరించిండ్రు. "వదినే, నేను" అంటే చూసింది గానీ గుర్తు పట్టలే. చాల్ సంగతులు చెప్పిన, అన్న పేరు చెప్పిన. చాలాసేపు ఊకున్నది. లేవబోతుంటే నా ముంజేయి గట్టిగ పట్టుకున్నది. "ఏం పాళీ? భోంగా అయిందా? ఆగు తమ్మీ, సద్ది కట్టలే ఇంక" అన్నది.

మూడేండ్ల సంది ఆమె చలి పెడుతున్నదని చెప్తలేదు. మిల్లుకు పోయే మనిషికి సద్ది కట్టాలె అంటున్నది. సద్ది అంటే వాళ్ళకు సర్దీ అని వినవడ్డది. అండ్ల ఎవరి తప్పూ లేదు. వాళ్ళకు మన మాట రాదు, అంతే. నేను మౌశీకి మరాఠీలో విడమర్చి చెప్పిన. ఆమె నెత్తికి చెయ్యి పెట్టుకొని మంచం మీద కూలబడ్డది. "అయ్యో, డబ్బా అంటున్నదా! మేం దుప్పటి మీద దుప్పటి కప్పితిమి కదా" అన్నది.

తెల్లారి నుంచి ఆ మౌశీ పొద్దుగాల ఒక ఖాళీ స్టీలు డబ్బా వదినె చేతికి ఇచ్చుడు మొదలుపెట్టింది. వదినె మూత తీసేది, మళ్ళ మూసేది, గడప మీద పెట్టొచ్చి పండుకునేది. మొత్తుకునుడు బందైంది.

దీన్ని గురించి తర్వాత మునిసిపల్ దవాఖానలో ఒక డాక్టరమ్మను అడిగిన. మతిమరుపు జబ్బులో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందుగాల పోతది, తల్లి భాష ఎక్కువ దినాలు నిలుస్తది అని చెప్పింది. ఆలోచించుండ్రి. వదినె యాభై ఏండ్లు ఇదే ఊర్లో మరాఠీలో కూరగాయలు బేరం చేసింది, హిందీలో రేషన్ దుకాణంలో కొట్లాడింది. అవన్నీ పోయి ఊరిమాట ఒక్కటి మిగిలింది. ఆ మాట తెలిసినోళ్ళు ఆ బిల్డింగులో ఒక్కరు లేరు. వాలంటీర్ అంటే పైసలున్నోళ్ళు, ఇంగ్లీషు మాట్లాడేటోళ్ళు అని నేను కూడా అనుకునేటోణ్ణి. కానీ ఆ పని చెయ్యాల్నంటే తెలుగు రావాలె. అది మన దగ్గర ఉన్నది.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా తప్పు చెప్తా. ఇది చెప్పకుంటే ఈ రాతకు అర్థం లేదు.

మనలో ఎవరింటికన్న పోయి లేచేటప్పుడు "పోతున్న" అనం. అది మంచి మాట కాదు. "పోయొస్త" అంటం. నోటికి అలవాటు. ఆనాడు నేను కూడా "పోయొస్త వదినే, వచ్చే ఐతారం వస్త" అని లేచిన. వచ్చే ఐతారం మోకాలు నొప్పి. ఆ తర్వాత ఐతారం పెండ్లి. ఆ పైన వానలు, రైలు పట్టాల మీద నీళ్ళు. అట్ల రెండు నెలలు గడిచినయ్. ఆమెకు మతిలేదు, నేను వచ్చింది కూడా యాదికి ఉండదు అని మనసుకు సర్దిచెప్పుకున్న.

రెండు నెలల తర్వాత పోతే అదే మౌశీ గేటు కాడనే అడిగింది: "కాకా, మీ భాషలో 'మరిది' అంటే ఏంది?"

"ఎందుకు?" అన్న.

"మీరు వచ్చి పోయినంక ఆజీ పగటి అన్నం తినంగనే మెట్ల కాడ కుర్చీలో కూసుంటున్నది. లోపలికి రా అంటే రాదు. మరిది, మరిది అంటది. అది తినేదా, పెట్టుకునేదా మాకు తెలుస్తలేదు" అన్నది.

మరిది అంటే నేనే అని ఆ మౌశీకి చెప్పటానికి నా నోరు రాలె. కొంచెంసేపు తర్వాత చెప్పిన. ఆమె ఏమీ అనలే. లోపలికి పోయి నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆమెకు నా మొహం గుర్తు లేదు, నా పేరు గుర్తు లేదు. ఎవరో మనవాడు వస్తనన్నడన్న ముచ్చట మాత్రం ఎక్కడనో నిలిచింది. అప్పటి నుంచి నేను ఒక కట్టు పెట్టుకున్న. నెలకు ఒక్కసారి, రెండో ఐతారం. అంతకన్న ఎక్కువ చెప్పను. చెప్పింది తప్పను. కొత్తగ మొదలుపెట్టేటోళ్ళకు నేను చెప్పే మొదటి ముచ్చట ఇదే. ఉత్సాహంతో నాలుగు వారాలు పోయి ఐదో వారం మానేసుడు కన్న, నెలకొక్కసారి పోయి ఏడాది నిలబడుడు మేలు. ఉత్సాహం మనది, ఎదురుచూసుడు వాళ్ళది.

ఐతారం మనకు ఊకె రాలేదు

"మిల్లు పని చేసి చేసి అలిసిపోయినం, ఒక్క ఐతారం దొరుకుతది, అది కూడా ఇయ్యాల్నా?" అని మా ఖోలీ పక్కాయన అన్నడు. ఆయన మాటలో న్యాయం ఉన్నది. అందుకే ఈ ఐతారం ఎట్ల వచ్చిందో చెప్తా.

మా తాతల కాలంలో మిల్లుకు వారం సెలవు లేకుండె. జ్యోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పెట్టి కొట్లాడితే, 1890 జూన్ 10 నుంచి ఐతారం సెలవు దొరికింది. ఆ ఫూలే సత్యశోధక్ పనికి బొంబాయిలో భుజమిచ్చిన పెద్దల్లో మన తెలుగువాళ్ళు ఉన్నరు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకు బాలోజీ కాళేవార్, ఇట్ల. ఈ ఊరి రోడ్లు, బిల్డింగులు కట్టటానికి తెలంగాణ దిక్కు నుంచి వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠీపుర ఉన్నది. బయటోళ్ళు ఆ పేరు వింటే ఇంకోటి తలుస్తరు. మనకు అది తట్టలు మోసినోళ్ళ పేరు.

ఆ లోఖండే ప్లేగు వచ్చినప్పుడు రోగుల సేవ చేసి, అదే ప్లేగుతోటి 1897 ఫిబ్రవరిలో కన్నుమూసిండు. మరుసటి నెల మార్చి 10 నాడు పుణెలో సావిత్రీబాయి ఫూలే కూడా అట్లనే పోయింది. ప్లేగు తగిలిన పిల్లగాణ్ణి వీపు మీద మోసుకొని కొడుకు దవాఖానకు తెచ్చింది, ఆ జబ్బు ఆమెకు అంటింది. వాళ్ళు ప్రాణం పెట్టిండ్రు. మనల్ని అడిగేది నెలకొక ఐతారంలో రెండు గంటలు.

ఇంకో ముచ్చట. ఈ పని మనకు కొత్త కాదు. చాల్లో ఎవరన్న పోతే చెప్పకముందే పది మంది చేతులు కలిపేది. పిల్ల పెండ్లికి భిశీ ఎత్తి ఇచ్చేది. సమ్మెలో ఒకరి డబ్బాలో బియ్యం ఇంకొకరి పొయ్యి మీద ఉడికేది. దానికి వాలంటీర్ అనే పేరు మనం పెట్టలే, అంతే. చాల్లు పోయి టవర్లు వచ్చినయ్, తలుపులు మూసుకున్నయ్. ఇప్పుడు అదే పనికి తోవ వెతుక్కొని పోవాల్సి వస్తున్నది.

మొదటిసారి పోయేటోళ్ళకు

ఊకె గేటు కాడికి పోయి నిలబడొద్దు. ముందుగాల ఫోన్ చేసి, చూసే టైము ఎప్పుడు, ఎంతమంది రావచ్చు అని అడగాలె. మొదటిసారి ఒక్కరో ఇద్దరో పోయి ఆఫీసులో మాట్లాడాలె. ఆధార్ కార్డు నకలు వెంట ఉంచుకుంటే మంచిది. అక్కడ ముసలోళ్ళున్నరు, ఎవరినిబడితే వాళ్ళను లోపలికి రానియ్యరు, రానియ్యొద్దు కూడా. దానికి కోపం తెచ్చుకోవద్దు. దగ్గు, జలుబు, జ్వరం ఉన్ననాడు పోనే పోవద్దు. మనకు మామూలు జలుబు, ఆ వయసుకు అది ఊపిరికి ముప్పు.

తిండి సంగతి. మన చెయ్యి ఊకోదు, లడ్డూలో అరిసెలో పట్టుకపోదామనిపిస్తది. అడగకుండ ఏదీ పెట్టొద్దు. ఒకరికి షుగర్ ఉంటది, ఒకరికి గొంతు దిగదు, గట్టిది పెడితే అడ్డం పడతది. మొదట్లో నేను పల్లీపట్టి తీసుకపోయిన. మౌశీ నా చేతిలకెళ్ళి గుంజుకున్నది, మంచి పనే చేసింది. ఏం కావాల్నో ఆఫీసులో అడిగితే వాళ్ళే చెప్తరు. సబ్బులు, కొబ్బరినూనె, పాత మెత్తటి కాటన్ చీరలు, పెద్దోళ్ళ డైపర్లు. ఈ డైపర్లు మస్తు పిరం, అవి ఎప్పుడూ తక్కువ పడతయ్. ముసలోళ్ళ చేతికి పైసలు ఇయ్యొద్దు, వాళ్ళ కాడ తీసుకోవద్దు. ఏ కాగితం మీదా సంతకం, వేలిముద్ర మన ముంగట పెట్టించొద్దు.

మాట్లాడుడు ఎట్ల? నిలబడి మాట్లాడొద్దు. కుర్చీ గుంజుకొని వాళ్ళ కండ్లకు సమానంగ కూసోవాలె. గట్టిగ ఒర్లొద్దు, నిదానంగ చెప్పాలె. "నన్ను గుర్తుపట్టినవా? నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టొద్దు. గుర్తు రాకుంటే వాళ్ళకు శరమైతది. "నేను ఫలానా, మీ చాలోణ్ణి" అని మనమే చెప్పాలె. "కొడుకు వస్తలేడా, కోడలు చూడలేదా" అని అడగనే వద్దు. ఆ పుండు గెలికి మనం ఇంటికి వస్తం, రాత్రంతా దానితోటి ఉండేది వాళ్ళు. ఏ ఊరు, ఏ బావి, ఏ పంట, ఏ మిల్లు, ఏ ఖాతా అని అడుగుతే చాలు. ఒక ముసలాయన, ఎవరితోటీ మాట్లాడడు, సాంచా ఎట్ల నడిచేదని నేను అడిగితే అరగంట చేతులతోటే చూపించిండు.

మాట్లాడకుంటే ఊకె కూసోవచ్చు. అది కూడా పనే. నాకు ఇది తెల్వటానికి నాలుగు నెలలు పట్టింది.

ఫోటోలు తియ్యొద్దు. ఇది నేను కొట్లాడి చెప్తున్న. అరటిపండు చేతిలో పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంచుడు సేవ కాదు. మన తల్లి ఆ మంచం మీద ఉంటే ఆ ఫోటో పంచుతమా?

ఆఖరిది. గాయమో, మూలుగుడో, ఎవరో బెదిరిన మాటో కండ్లబడితే అక్కడున్న పెద్దోళ్ళకు చెప్పాలె. మనం చెప్పేది ఫిర్యాదు కాకపోవచ్చు, సద్ది లాగ అర్థం కాని మాట ఒకటి కావచ్చు.

పిల్లలను తీసుకపోవాల్నా?

మొదట్లో మా కోడలు ఒప్పుకోలే. "మామా, అక్కడ చూసి పిల్ల రాత్రి జడుసుకుంటది" అన్నది. ఆమె మాట కొట్టెయ్యలే. ఏడాది నేను ఒక్కణ్ణే పోయిన. తర్వాత మనుమరాలు ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు ఆమెనే అడిగింది, వస్త తాతా అని.

తీసుకపోయే ముందు ఇంట్లో కూసోబెట్టి అన్నీ చెప్పిన. అక్కడ దవాఖాన వాసన ఉంటది. ఒకరు ఊకె ఏడుస్తరు, ఒకరు చెయ్యి పట్టుకొని ఇడువరు, ఒకరు నిన్ను వాళ్ళ బిడ్డ అనుకొని పేరు పెట్టి పిలుస్తరు. కాదని కొట్లాడకు, అవునని అబద్ధం చెప్పకు, "ఏంది అవ్వా?" అను చాలు. ఎప్పుడు భయమైనా నా వేలు గుంజు, బయటికి పోదాం, ఎందుకని అడగను. మొదటిసారి పావుగంటకే వేలు గుంజింది. బయట ఛాయ్ తాగి ఇంటికి వచ్చినం. రెండోసారి అరగంట ఉన్నది.

మా మనుమరాలిది ఇంగ్లీషు మీడియం. తెలుగు అర్థమైతది గానీ నోరు తిరగదు. వదినె ముంగట అది తెలుగు మాట్లాడితే తప్పులను నవ్వేటోళ్ళు లేరు. వదినె ఒకటే ముచ్చట పదిసార్లు చెప్పేది. పదిసార్లు వింటే మాట నోటికి వచ్చేది. తంగేడు, గునుగు, మక్కెన్, దొంతి, ఉట్టి, ఇవన్నీ అది వదినె కాడనే నేర్చింది. బడిలో ఇవి చెప్పరు, మా ఇంట్లో కూడా ఇప్పుడు ఎవరూ అనరు.

ఒక ఏడు బతుకమ్మ పండుగకు ముందు ఆఫీసులో అడిగి, దాదర్ పూలబజార్ల బంతిపూలు కొనుక్కొని పోయినం. తంగేడు ఇక్కడ ఎక్కడ దొరుకుతది? ఉన్న బంతి, చామంతి తాంబాళంలో పోసినం. మనుమరాలికి పేర్చుడు రాదు, పూలు జారిపోతున్నయ్. వదినె చూసి చూసి "గట్ల కాదు" అని దాని చేతిలకెళ్ళి తీసుకున్నది. కొడుకు పేరు మర్చిపోయిన మనిషి. చేతులు మర్చిపోలే. వరుస మీద వరుస గుండ్రంగ పేర్చి, ఆఖరుకు గౌరమ్మను పెట్టటానికి పసుపు అడిగింది. పక్క మంచాల మరాఠీ ఆజీలు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డరు. మౌశీలు పసుపు వెతికి తెచ్చిండ్రు. ఆనాడు మా కోడలు కూడా వచ్చింది. తిరుగు రైల్లో ఏమీ మాట్లాడలే, ఇల్లు చేరినంక ఊర్లో ఉన్న వాళ్ళ నాయనకు ఫోన్ చేసింది.

ఎక్కడ మొదలుపెట్టాలె?

దూరం పోయే తీరిక లేనోళ్ళు మీ మాలా మీదనే చూడుండ్రి. ఒక్కరే ఉండే ముసలోళ్ళు ఎవరు? మిల్లు పింఛన్‌దారులు ఏడాదికొకసారి బతికే ఉన్నమని జీవన్ ప్రమాణ్ ఇయ్యాలె. వేలిముద్రలు అరిగి మిషన్ పట్టదు, రెండు మూడుసార్లు తిరగాలె. ఆ లైన్లో వెంట నిలబడుడు కూడా సేవనే. 2014 సంది కనీస పింఛను వెయ్యి రూపాయలు. పట్నంలో దానికేం వస్తదనకుండ్రి. అది ఆగితే గోలీలు ఆగే ఇండ్లున్నయ్.

మన కామాఠీపుర పక్కనే బైకల్లా సాంక్లీ స్ట్రీట్‌లో మదర్ థెరిసా సిస్టర్ల ఆశాదాన్ 1976 నుంచి నడుస్తున్నది. దిక్కులేనోళ్ళను, పిల్లలను చూసుకుంటరు. మహాలక్ష్మి దిక్కు డాక్టర్ ఈ. మోజెస్ రోడ్డు మీద కింగ్ జార్జ్ మెమోరియల్ ఆవరణలో నిరాధార ముసలోళ్ళ ఆశ్రమం ఉన్నది. వీటికి నడిచో, ఒక్క బస్సు ఎక్కో పోవచ్చు. పోయి ముందు రివాజు అడగుండ్రి. పరేల్‌లో టాటా దవాఖానకు మన తెలంగాణ, ఆంధ్ర నుంచి కూడా రోగులు వస్తరు. మరాఠీ, హిందీ రాక ఏ కిడికీ కాడ నిలబడాల్నో తెల్వక తిరుగుతుంటరు. దాదర్‌లో సంత్ గాడ్గే మహారాజ్ ధర్మశాలలో అట్లాంటి రోగులు, వాళ్ళ వెంట వచ్చినోళ్ళు దిగుతరు. అక్కడ తెలుగు వచ్చిన మనిషి ఒక్కడు కనబడితే వాళ్ళకు సగం భయం పోతది. డాక్టర్ చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాలె, మన సొంతం కలపొద్దు, అదొక్కటే జాగ్రత్త.

ఎక్కడన్న ముసలోళ్ళను ఇంట్లకెళ్ళి వెళ్ళగొట్టిండ్రని, కొడుతున్నరని తెలిస్తే 14567 నంబరు ఉన్నది. సర్కారు పెట్టిన ఎల్డర్ లైన్, పైసలు పడవు. తల్లిదండ్రులను చూసుకోవాలనే చట్టం 2007లో వచ్చింది, దాని కింద ఏం చెయ్యచ్చో వాళ్ళను అడగొచ్చు.

మళ్ళ రెండో ఐతారం

పోయిన ఏడు వానకాలంలో వదినె పోయింది. నిద్రలనే పోయింది. ఆశ్రమంవాళ్ళు కొడుక్కు ఫోన్ చేసిండ్రు, మౌశీ నాకు చేసింది. శ్మశానం కాడ కొడుకు కనబడితే నాలుగు మాటలు అడగాలనుకున్న. ఎన్నో దినాలుగ మనసులో పెట్టుకున్న మాటలు. ఆయన నా కాడికి వచ్చి నిలబడ్డడు. "కాకా, నేను మొదట్లో నెలనెలా పోయిన. అమ్మ నన్ను ఎవరు నువ్వు అని అడిగేది. మూడుసార్లు అడిగింది. నాలుగోసారి పోబుద్ధి కాలె" అన్నడు. నా మాటలు నోట్లనే ఉండిపోయినయ్. ఇది రాస్తున్నది అందుకే. పోనోళ్ళందరూ రాతిగుండెవాళ్ళు కాదు. కొందరికి ఒక్కరే పోయే బలం లేదు. వాళ్ళ వెంట ఒకరు పోతే పోతరు. మీ ఎరుకలో అట్లాంటి కొడుకో బిడ్డో ఉంటే తిట్టకుండ్రి, "పా, నేనూ వస్త" అనుండ్రి. నేను ఆ మాట ఆయనతో అనలే. అనేటి దినాల్లో ఆయన ఎక్కడున్నడో కూడా వెతకలే.

ఆ నెల రెండో ఐతారం ఇంక పోయే పని లేదనుకున్న. పొద్దున లేచి అంగి తొడిగిన, మళ్ళ విడిచిన. పది గంటలకు మౌశీ ఫోన్. "కాకా, ఇంక రాలే ఏంది? పక్క మంచం ఆజీ అడుగుతున్నది" అన్నది. పక్క మంచం ఆజీ రత్నాగిరి మనిషి, తెలుగు ముక్క రాదు. కానీ మూడేండ్ల సంది నెలనెలా మమ్మల్ని చూసింది. మనుమరాలు అప్పటికే చెప్పులు వేసుకున్నది.

ఇప్పుడు మేం ఐదుగురం పోతున్నం. మా కోడలు, మనుమరాలు, నేను, మా పాత ఖాతాలో చేసిన ఇద్దరు. ఈ మధ్యన ఇంకొక తెలుగు ముసలాయన వచ్చిండు, నిజామాబాద్ దిక్కు. కాళ్ళు చేతులు పడిపోయినయ్, మాట ముద్దముద్దగ వస్తది, కానీ వస్తది. ఆయన కాడ కూసోను ఒక మనిషి తక్కువ పడుతున్నడు.

వచ్చే నెల రెండో ఐతారం పొద్దున తొమ్మిదింటికి మేం బైకల్లా స్టేషన్ టికెట్ ఖిడికీ కాడ ఉంటం. మధ్యాన్నం రెండింటి కల్లా తిరిగి వస్తం. రిటర్న్ టికెట్, షేర్ రిక్షా ఖర్చు ఎవరిది వాళ్ళదే. రావాలనుకున్నోళ్ళు వస్త అని నాకు ముందుగాల చెప్పకుండ్రి. వచ్చి నిలబడుండ్రి.